ఊటగదిలో ఆకుపచ్చ చుక్క

పదకొండో ఏడు, 163వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

నాకు ముందు ఈ పుస్తకం రాసిన పెద్దాయన రోజూ ఈ రెండు ముక్కలే రాసి సంతకం పెట్టేవాడు. నాకు ఈ పని అప్పజెప్పిన రోజున చెన్నప్ప మాత్రం, "అక్కా, నీకు కనపడిందంతా రాయి. రేపు ఇంకెవరన్నా ఈ గదిలోకొస్తే వాళ్ళకు పనికొస్తాది" అన్నాడు. చెన్నప్ప, పైన దుమ్ము కమ్మి పదకొండేళ్ళుగా ఈ కొండలోపల బతికే మూడు వందల ఎనభై ఆరు మందికీ పెద్ద. నేను పదో తరగతి దాకా చదివాను. వచ్చినట్టు రాస్తున్నాను.

ఉదయం తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని ఊటగది తాళం తీస్తాను. ఈ గదిలోకి నేను తప్ప ఎవరూ రాకూడదు. పదిమంది చేతుల మురికి నీళ్ళలో పడకూడదని మొదటి ఏడు పెట్టుకున్న నియమం అది. రాతి సందులోంచి కారే నీళ్ళు తొట్టిలో పడి, అక్కణ్ణుంచి గొట్టాల్లో ఇళ్ళకు పోతాయి. తొట్టిలో గాజుగ్లాసు ముంచి, సీసాలోంచి ఒక చుక్క వేసి, నల్లపెట్టెలో పెట్టి, ఊదారంగు దీపం వెలిగించి సందులోంచి చూస్తాను. ఆ చుక్కలో కోట్ల కొద్దీ స్ఫటికాలుంటాయి. మేం పలుకులంటాం. ఉప్పు పలుకు కంటికి కనపడుతుంది, ఇవి కనపడవు. నీళ్ళు మంచివైతే ఆకుపచ్చగా వెలుగుతాయి. సీసం లాంటి విషముంటే అది పోయి పలుకుల మీద కూర్చుంటుంది, వెలుగు ఆరిపోతుంది.

ఈ రోజు ఇంకొక మంచి జరిగింది. మూడేళ్ళ కిందట ఉత్తరపు కొండవాళ్ళు ఇచ్చిన రెండు పసుపు కొమ్ములు మొక్కల గదిలో పెరిగి పెరిగి ఒక జల్లెడ నిండా పంటయ్యాయి. పదకొండేళ్ళ తర్వాత పసుపు. మా అమ్మాయి రేణుక ఎండబెట్టి దంచి ఇంటింటికీ పంచింది. దాని కూతురు సుంకు, నాలుగేళ్ళది, మొహానికంతా పూసుకుని "అవ్వా, నేను దీపం" అంటూ వరండాలన్నీ తిరిగింది. రేణుక నవ్వడం చూసి చాలా కాలమైంది. దాని మొగుడు మేం కొండలోకి వచ్చిన ఎనిమిదో ఏట పైకి వెళ్ళి దుమ్ములో తప్పిపోయాడు.

ఇన్నాళ్ళూ గంగమ్మకు వట్టి చేతులతో దణ్ణం పెట్టాను. ఈ రోజు తొట్టికి పసుపు పెట్టి గ్లాసు ముంచాను. మనసు నిండింది.

171వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

నిన్న మధ్యాహ్నం కొండ కొంచెం కదిలింది. అలమారలో గిన్నెలు మోగాయి, అంతే. కొత్తగది తవ్వుతున్న మా మరిది చిన్నోబులేసు మాత్రం పరుగెత్తుకొచ్చాడు. ఊటకు అవతలి పక్క రాయి పగిలిందట.

"లోపల రాయి తళతళమంటాంది వదినా, వెండి మాదిరి. ఒకటి తెచ్చిస్తా, ముక్కుపుడక చేయించుకో."

"ఈ వయసులో నాకెందుకయ్యా. నువ్వు తవ్వేకాడ జాగ్రత్త."

ఈ ఉదయం తొట్టిలో నీళ్ళు కాస్త మసగ్గా ఉన్నాయి. భయపడుతూ చుక్క వేశాను. నిండుగా వెలిగింది. తొట్టికి మళ్ళీ ఒకసారి దణ్ణం పెట్టాను.

180వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

సీసా అడుగంటుతోంటే రామసుబ్బన్న దగ్గరికి వెళ్ళాను. మా దీపాలకూ, మొక్కల గదిలో వెలుగునిచ్చే ఎర్ర పలకలకూ, నా సీసాకూ పలుకులు వండేది ఆయనే. ఆయన గదిని అందరం వంటగది అనే అంటాం. నేను వెళ్ళేసరికి గాజుబుడ్డిలో నూనె మరుగుతోంది. ఆయన ఊదాదీపం పట్టుకుని కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. నీలంగా ఉన్నది ఆకుపచ్చకు తిరగ్గానే బుడ్డి ఎత్తి చల్లటి నూనెలో దించేశాడు.

"ఇంకో నాలుగు క్షణాలుంటే ఏమవుతాదన్నా?"

"పసుపచ్చ. ఇంకా ఉంటే ఎరుపు. ఒకటే పిండి ఓబుళమ్మా. పెనం మీద అట్టు చిన్నగుంటే ఒక రంగు, పెద్దదైతే ఇంకో రంగు. ఎప్పుడు దించల్లో తెలిసేదే ఈ పని." తర్వాత ఎప్పటిలాగే, "నీ దేవుడెట్లుండాడు?" అన్నాడు.

"బాగుండాడన్నా. నిన్నడిగినాడు."

"అడగడా మరి. ఆయనకు దీపాలిచ్చేది నేనే కదా."

ఆయన దేవుడికి మొక్కడు. ఎవరినీ మొక్కొద్దని అనడు కూడా. లేవబోతూ చెప్పాను, ఈ మధ్య చుక్క కాస్త పసుపు తిరిగినట్టు కనపడుతోందని.

"నీళ్ళల్లో ఏమన్నా పడిందా?"

"ఏం పడ్తాదన్నా. నేను తప్ప ఎవురొస్తారు ఆడికి."

"అయితే నీ కండ్లే. యాభై దాటినాయి కదా, అద్దాలు పెట్టించుకో" అని నవ్వాడు. నేనూ నవ్వి, ఆయన దగ్గరున్న కాసిన్ని చుక్కలు పోయించుకుని సీసా తెచ్చుకున్నాను.

189వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

చిన్నోబులేసు కడుపునొప్పితో మూడు రోజులుగా పనికి పోవడం లేదు. కడుపులో గుడ్డ పిండినట్టుందంటాడు. తవ్వకంవాళ్ళలో ఇంకో ఇద్దరికీ అదే నొప్పి. నర్సు ఏస్తేరు కొర్రల్లో బూజు పట్టిందేమోనని గింజలన్నీ జల్లించింది. "నీళ్ళు బాగా తాగండి" అని అందరికీ చెప్పింది.

సుంకు ఆడుకోవడం లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కూర్చున్నట్టే ఉంటోంది.

197వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

నలభై మందికి పైగా జబ్బుపడ్డారు. ఏస్తేరు అందరి నోళ్ళూ తెరిపించి చూసింది. చిగుళ్ళ అంచున, పళ్ళ మొదట్లో, పెన్సిలుతో గీసినట్టు నీలంగా ఒక గీత. చిన్నోబులేసుకు ఉంది. సుంకుకు ఉంది. నన్నూ చూసింది. నాకూ సన్నగా ఉంది.

"ఇది సీసం, ఓబుళక్కా. పుస్తకంలో ఇట్లనే ఉండాది. సీసం కడుపులోకి పోతాంది మనకు."

"యాడనుంచి?"

"తిండన్నా కావల్ల, నీళ్ళన్నా కావల్ల, గాలన్నా కావల్ల." నా మొహంలోకి చూసింది. "నీళ్ళు..."

"నీళ్ళు మంచివి తల్లీ. పొద్దున గూడా చూసినా" అన్నాను.

ఆమె ఏసయ్యను తలచుకుంది. నేను గంగమ్మను తలచుకున్నాను. ఇద్దరం సుంకు మంచం పక్కన కూర్చున్నాం.

199వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

చెన్నప్ప అందర్నీ పెద్ద హాల్లో కూర్చోబెట్టాడు. కొర్రలు కడిగిన నీళ్ళలో నేనే గ్లాసు ముంచి చుక్క వేశాను, వెలిగింది. ఇక మిగిలింది ఏమిటని అడిగాడు. ఎవరో వెనకనుంచి, "దీపాలు" అన్నారు.

రామసుబ్బన్న లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "దీపాల్లో పలుకులకు సీసం ఉంటాది. నిజమే. కానీ అది రెండు అద్దాల నడుమ బంధించి ఉండాది. అద్దం పగలందే బయటికి రాదు. నీళ్ళ చుక్కలో పలుకులు వేరే, వాటిలో సీసం లేదు."

"మొన్న కొండ కదిలినప్పుడు ఎన్ని అద్దాలు చీలినాయో నీకు తెలుసా?" అంది గౌరమ్మ. ఆమె కోడలికి ఆ ముందురోజే గర్భం పోయింది.

"చీలినవి నేనే తీసేసినా కదమ్మా."

"అన్నీ తీసినావా?"

అన్నీ అని ఎవరు చెప్పగలరు. నీళ్ళు మళ్ళీ చూడమని మాత్రం ఆయన అన్నాడు.

చెన్నప్ప నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. నీళ్ళు బాగుండాయా?"

అందరూ నన్ను చూశారు. రామసుబ్బన్న కూడా చూశాడు. నేను నిలబడి, చేతులు జోడించి, "బాగుండాయి" అన్నాను.

200వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

వంటగది పగలగొట్టారు. బుడ్లు, గొట్టాలు, సీసాలు అన్నీ. ఇళ్ళలో దీపాలు ఊడదీసి సంచుల్లో కట్టి బయట పారేశారు. ఇప్పుడు వరండాకు ఒక నూనె దీపం. రామసుబ్బన్నను బయటి తలుపు పక్కన, పైనుంచి వచ్చినవాళ్ళు ఒళ్ళు దులుపుకునే దుమ్ముగదిలో పెట్టి గొళ్ళెం వేశారు. పలుకులు వండేందుకు ఆయన వాడే మూలకాల సీసాల డబ్బా ఒక్కటి మాత్రం చెన్నప్ప తన అలమారలో పెట్టి తాళం వేశాడు.

పగలగొట్టినవాళ్ళలో మా రేణుక ఉంది. దాని అరచేయి తెగింది. నేను గుడ్డ కట్టాను.

"ఆయప్ప చేతులతో చేసిన దీపం కిందనే బిడ్డను పండబెట్టినా మా. నాలుగేండ్లు."

నా నోట్లోంచి వచ్చిన మాట మీదే ఇదంతా జరిగింది. ఆ మాట నిజమే కదా అని పొద్దుటినుంచీ నాకు నేను చెప్పుకుంటున్నాను.

206వ రోజు

చుక్క వెలిగింది. నీళ్ళు మంచివి.

దీపాలు తీసి ఆరు రోజులైనా ఎవరికీ తగ్గలేదు. విషం ఒంట్లోంచి పోవడానికి టైం పడుతుందంటున్నారు.

మధ్యాహ్నం చిన్నోబులేసు చనిపోయాడు. దాహం దాహమని రెండు రోజులుగా నా చేత్తోనే నీళ్ళు తాగాడు.

207వ రోజు

చుక్క వెలగలేదు.

ఇంట్లో చావు జరిగింది కాబట్టి నాకు పదకొండు రోజులు మైల. దేవుడి పనులేవీ చేయకూడదు. ఊటగదికి వెళ్ళకుండా కుదరదు, ఇంకెవరికీ తాళం లేదు. అందుకని పసుపు తీసుకెళ్ళలేదు. గుమ్మం బయటే మనసులో దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్ళి గ్లాసు ముంచాను. చుక్క వేసి చూస్తే పెట్టె లోపల చీకటి. దీపం పాడైందనుకుని అటూ ఇటూ తిప్పాను. దీపం బాగానే ఉంది. ఇంకో గ్లాసు, ఇంకో చుక్క. చీకటి.

మైలతో వచ్చాను కాబట్టి తల్లి కళ్ళు మూసుకుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో రాస్తున్నాను గానీ, గొట్టాలు కట్టెయ్యలేదు. ఈ రోజూ అందరూ తాగారు.

208వ రోజు

చుక్క వెలగలేదు.

రెండు సార్లు తల మీద నీళ్ళు పోసుకుని వెళ్ళాను. నాకు రావలసిన నీళ్ళన్నీ దానికే అయిపోయాయి. అయినా చీకటే. సీసాలో నాలుగు చుక్కలు మిగిలాయి. నింపేవాడు దుమ్ముగదిలో ఉన్నాడు.

చెప్పాలని చెన్నప్ప తలుపు దాకా వెళ్ళాను. ఏమని చెప్పాలి? మైలతో ఊటను ముట్టుకున్నాననా? మూడు వందల ఎనభై మంది తాగే నీళ్ళు నా వల్ల చెడ్డాయనా? వెనక్కి వచ్చాను.

వచ్చేసరికి సుంకుకు ఫిట్స్. పళ్ళు బిగుసుకుపోయి, విల్లులా వంగిపోయింది. ఏస్తేరు చెంచా పెట్టి దాని నోరు తెరిపించింది. చాలాసేపటికి ఆగింది గానీ కళ్ళు తెరవలేదు. రేణుక తడిగుడ్డతో దాని పెదవులు తడుపుతూనే ఉంది. ఆ గుడ్డ ముంచిన గ్లాసు చూస్తూ నేను నిలబడ్డాను. ఆ నీళ్ళు తీసెయ్యమనడానికి నోరు రాలేదు.

209వ రోజు

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

తెల్లవారగానే పసుపు తీసుకుని వెళ్ళాను. మైల ఉన్నా సరే, తల్లి కాళ్ళు పట్టుకుంటే కనికరిస్తుందనుకున్నాను. తొట్టికి పసుపు పెట్టి, ఇంకో చిటికెడు నీళ్ళలో వదిలి, గ్లాసు ముంచి చుక్క వేశాను.

వెలిగింది.

మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాను. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి కళ్ళారా చూద్దామని పెట్టెలోకి వంగాను. అప్పుడు చూశాను. ఆ వెలుగు నీళ్ళంతటా లేదు. అక్కడక్కడా సన్నటి నలకలుగా, నిమ్మపండు రంగులో తేలుతోంది. పక్కన సీసాలో మిగిలిన మూడు చుక్కలు చిలకపచ్చగా ఉన్నాయి. రెండూ ఒకటి కాదు.

పెట్టె ఎత్తుకుని ఏస్తేరు దగ్గరికి వెళ్ళాను. సూదులకోసం ఆమె దగ్గర ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్ళు, ఏ విషమూ లేనివి, రోజుకు రెండు గ్లాసులు తయారవుతాయి. అందులో అర గ్లాసు అడిగాను. చుక్క వేయలేదు. పసుపు ఒక చిటికెడు వేసి పెట్టెలో పెట్టాను.

"చూడు తల్లీ."

"వెలుగుతాంది కదక్కా. మంచివే."

"చుక్క వేయలేదు."

ఆమె పెట్టెలోంచి తల ఎత్తి నా వేళ్ళు చూసింది. నా వేళ్ళు నెలన్నరగా పసుప్పచ్చగానే ఉన్నాయి. లేచి వెళ్ళి సుంకు పక్కనున్న గ్లాసు తీసి పారబోసింది.

చెన్నప్ప గంట కొట్టించాడు. మొన్న నిలబడ్డ చోటే నిలబడి అంతా చెప్పాను. ఊదా వెలుగులో పసుపు తనంతట తానే వెలుగుతుందని తెలియక తొట్టికి పెట్టింది, రంగు మారిందని తెలిసీ కళ్ళ మీదికి తోసింది, రెండు రోజులు చుక్క ఆరిపోయినా చెప్పకుండా దాచింది. కొండ పగిలినప్పుడు మరిది చూసిన వెండిరాయి సీసం రాయి అయివుంటుందని ఏస్తేరు చెప్పింది. మా ఊట ఆ రాతిని తడుపుకుంటూ వస్తోంది. ముప్పై ఎనిమిది రోజులుగా.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. గౌరమ్మ నా దాకా వచ్చి, చేయెత్తి, కొట్టకుండానే దించేసింది.

రేణుక వాకిలి దగ్గర నిలబడి వింది. "నువ్వు చూసినావు కదా మా" అంది. "రోజూ పోయి చూసినావు కదా."

వెనక్కి తిరిగి బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఈమెను ఏం చేయల్ల?" అన్నారెవరో.

"ముందు సుబ్బన్నను తీసుకరాండి" అన్నాడు చెన్నప్ప.

తొమ్మిది రోజుల దుమ్ముతో బూడిదలోంచి లేచినట్టు వచ్చాడాయన. రెండు చేతులూ మణికట్ల దగ్గర వేలాడుతున్నాయి. ఎత్తుదామన్నా లేవడం లేదు. అదీ సీసం పనేనని ఏస్తేరు చెప్పింది. దుమ్ముగదిలోనూ మా నీళ్ళే ఇచ్చాం కదా.

ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"ఆ పొద్దు అడిగినా కదమ్మా, నీళ్ళల్లో ఏమన్నా పడిందా అని."

"పడలేదన్నా. పెట్టినా. దేవునికి పెట్టింది నీళ్ళల్లో పడినట్లని నాకు తోచలేదు."

"నేను గూడా ఊటగదికొచ్చి చూసి ఉండల్ల. అద్దాలు పెట్టించుకోమని నగినా" అన్నాడు. తర్వాత, "సీసాలో ఎన్ని ఉండాయి?"

"మూడన్నా."

"చాలవు" అన్నాడు.

210వ రోజు

ఊట గొట్టాలు కట్టేశారు. ఇళ్ళలో పాత్రల్లో ఉన్న నీళ్ళు కూడా చెడ్డవే. ఆవిరి నీళ్ళు రోజుకు రెండు గ్లాసులకు మించి రావు, అవి బాగా జబ్బుపడిన పిల్లలకు చెంచాలతో పోస్తున్నారు. పెద్దవాళ్ళకు గొంతు తడుపుకునేందుకు ఆ ఊటనీళ్ళే, రోజుకు అర గ్లాసు. తెలిసీ తాగుతున్నాం.

మొక్కల గది కప్పుకు పట్టే చెమ్మ కూడా ఆవిరేనని ఏస్తేరు అంది. అది పట్టుకుంటే రోజుకు నలభై బిందెలు రావచ్చు. కానీ మంచిదో కాదో తెలియాలి, రోజూ తెలియాలి. దానికి చుక్కలు కావాలి. కొత్తగా వండాలి.

చెన్నప్ప తన అలమారలోంచి డబ్బా తెచ్చాడు. ఒక్క వంటకు సరిపడా ఉంది. బుడ్డి లేదు, అన్నీ పగిలాయి. ఏస్తేరు సూదులు మరగబెట్టే గాజుపాత్ర ఇచ్చింది. దానికి మూత బిగించి, లోపలి గాలి తీసేశాం. పాత్ర ఎత్తడానికి రామసుబ్బన్నకు చేతులు లేవు.

"ఓబుళమ్మ ఎత్తుతాది" అన్నాడు.

"ఈమెనా?" అంది గౌరమ్మ.

"ఈమె పదేండ్లుగా ఆకుపచ్చ చూస్తాండాది. మీలో ఎవురికన్నా ఆ రంగు తెలిస్తే రాండి."

ఎవరూ రాలేదు. నేను చేతులు మూడు సార్లు సబ్బుతో, తర్వాత బూడిదతో తోముకున్నాను. పసుపు పోలేదు. ఏస్తేరు చేతి తొడుగులు వేసింది.

నూనె కాగింది. ఆయన చెప్పిన వరసలో డబ్బాలోని రెండో సీసాలోది మూత కన్నంలోంచి ఒక్కసారిగా పోశాను. చెన్నప్ప ఊదాదీపం పట్టుకున్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత నీలం, పొగమంచులాగా. రామసుబ్బన్న నా భుజం మీద గడ్డం ఆనించినంత దగ్గరగా వంగి చూస్తున్నాడు.

"ఉండు."

నీలం పల్చబడింది.

"ఉండు. తొందరపడొద్దు. పలుకు పెరగల్ల."

నా చేతులు పాత్ర చెవుల మీద ఉన్నాయి. వేడి తొడుగుల్లోంచి తెలుస్తోంది. నోట్లో ఏ నామమూ రాలేదు. చూస్తూ ఉన్నాను, అంతే. నీలంలోంచి పచ్చ తొంగిచూసింది. ఆయన నోరు తెరిచాడు. మాట రాకముందే నేను ఎత్తాను.

చల్లటి నూనెలో దించాక అందరం వంగి చూశాం. చిలకపచ్చ. అలాగే నిలిచింది.

"ఒక్క క్షణం ముందే ఎత్తినావు" అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. "నేను చెప్పింటే ఆలస్యమయ్యేది" అన్నాడు.

వాటి మీద జింకు పొర పట్టించి, నీళ్ళలో కలిసేట్టు కడగడానికి సాయంత్రం దాకా పట్టింది. అర సీసా వచ్చింది. పొదుపుగా వాడితే నాలుగు నెలలు.

211వ రోజు

మొక్కల గది కప్పు కింద ఇనుప కాలువ ఒకటి ముందునుంచీ ఉంది. దాంట్లో చేరిన చెమ్మనీళ్ళు మొదట చూశాం. చుక్క వెలగలేదు. వెనక్కి తిరిగి చూస్తే గదిలో మొహాలన్నీ వాడిపోయాయి. కాలువ అతుకులు సీసంతో వేశారని రామసుబ్బన్న చెప్పాడు. అతుకుల్ని ముట్టుకోకుండా నీళ్ళు పట్టాలి.

కొండ కదలకముందు ఉతికి దాచిన తెల్లచీరలు కప్పుకు దగ్గరగా కట్టి, కిందికి పిండుకున్నాం. ఏస్తేరు పిండింది, నన్ను ముట్టుకోనివ్వమని నేనే అడగలేదు. ఆ గ్లాసులో చుక్క వేసి పెట్టెలో పెట్టాం.

నేను చూశాను. చెప్పకుండా పక్కకు జరిగాను. రామసుబ్బన్న చూశాడు, చెన్నప్ప చూశాడు, ఏస్తేరు చూసింది, చివరికి గౌరమ్మ వంగి చూసింది.

"పచ్చగుండాది" అంది గౌరమ్మ. "చిలకపచ్చ."

ఆమె చెప్పాక అందరూ కదిలారు.

నలభై బిందెలు రాలేదు. పందొమ్మిది వచ్చాయి. పిల్లలు డెబ్బై ఒక్క మందికీ, కడుపుతో ఉన్న ఐదుగురికీ. మిగతావాళ్ళకు ఊటనీళ్ళే. రామసుబ్బన్న తుప్పుతో పలుకులు వండుతానంటున్నాడు. ఇనుప తుప్పు పలుకులు సీసాన్ని పట్టుకుంటాయట, అయస్కాంతంతో వాటిని నీళ్ళలోంచి లాగేయొచ్చట. పగిలిన సామానంతా మళ్ళీ చేసుకోవాలి. నెల పట్టొచ్చు. ఆ నెల మేము ఆగాలి. తుప్పుపట్టిన మేకులు ఏరడానికి ఆయన చెప్పినట్టు తిరుగుతున్నాను, చేతులు నావి, మాట ఆయనది.

215వ రోజు

చెమ్మనీళ్ళలో చుక్క వెలిగింది. నేను చూశాను. కింద రామసుబ్బన్న వేలిముద్ర, చెన్నప్ప, ఏస్తేరు, గౌరమ్మ సంతకాలు. ఇకనుంచి ఐదుగురు చూడందే ఈ పుస్తకంలో "మంచివి" అని రాయకూడదని నేనే అడిగాను, ఒప్పుకున్నారు. ఊటగది తాళం హాల్లో మేకుకు వేలాడుతోంది.

నిన్న ఇద్దరు పోయారు. అంతకుముందు ఒకరు. వాళ్ళ పేర్లు పుస్తకం చివర రాశాను, చిన్నోబులేసు పేరు కింద.

మైల ఇంకా తీరలేదు. తీరాక కూడా గంగమ్మ ముందు కూర్చుంటాను. ఆ తల్లిని నేను తప్పు పట్టలేదు. పసుపు ఆమె అడగలేదు, నేను పెట్టాను. చుక్క రంగు మారినప్పుడు నాకు చూపించింది ఆమే కావచ్చు, చూడనిది నేను.

సుంకు ఏడు రోజులుగా కళ్ళు తెరవలేదు. ఫిట్స్ ఆగాయి. ఎముకల్లోకి పోయింది అంత తొందరగా రాదని ఏస్తేరు చెప్పింది. వస్తుందని కూడా చెప్పలేదు.

ఇందాక రేణుక నీళ్ళకోసం వచ్చింది. ఆ రోజు తర్వాత నా ఎదురుగా నిలబడటం ఇదే. పిల్లల వరుసలో తన వంతు వచ్చేదాకా నిలబడి, గ్లాసు చాపింది. నింపాను. తీసుకోలేదు.

"మంచివేనా?" అంది.

ఈ మాట నన్ను ఎవరు అడిగినా పదేళ్ళుగా వెంటనే జవాబు చెప్పాను. ఇప్పుడు గ్లాసులోంచి కొంచెం చిన్న గిన్నెలోకి వంచి, చుక్క వేసి, పెట్టెలో పెట్టి, పెట్టెను దాని వైపు తిప్పాను. నేను వెనక్కి జరిగి నిలబడ్డాను.

రేణుక వంగింది. చాలాసేపు చూసింది. వెనక వరుసలో ఎవరూ తొందరపెట్టలేదు.

తల ఎత్తి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా బిడ్డ దగ్గరికి నడిచింది.